పొందూరు ఖద్దరు మీద 25 నిమిషాల ఎపిసోడ్: 42 ప్రశ్నలు రాసుకున్నాం, ఎలా కుదించాలి?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పనులు, కళలు, పాత సంగతుల మీద పాడ్‌కాస్ట్ మొదలుపెట్టబోతున్నాం. ఇద్దరం ఉన్నాం. ఒక్కో ఎపిసోడ్ 25 నిమిషాలు దాటకూడదనుకున్నాం.

మొదటిది పొందూరు ఖద్దరు. రాట్నం మీద నూలు వడికే పెద్దావిడ ఒకరు, మగ్గం నేసే ఆయన ఒకరు మాట్లాడతామన్నారు. ప్రశ్నలు రాస్తూ పోతే 42 అయ్యాయి. వరుస ఇలా పెట్టాం: గాంధీ గారి కాలం, ఆ తర్వాత తయారీ, చివర ఇప్పటి కష్టాలు. ఇంట్లో ప్రశ్న జవాబులుగా చదివి చూస్తే గంటా పది నిమిషాలు వచ్చింది, పైగా చప్పగా ఉంది. రెండో ఎపిసోడ్ బొబ్బిలి యుద్ధం. దానికి గెస్ట్ లేరు, ఒక్కరే చెప్పాలి.

ఔట్‌లైన్ ఎక్కడ మొదలుపెట్టాలి? మొత్తం రాసుకోవాలా, పాయింట్లు చాలా? రాసింది ఎన్ని నిమిషాలొస్తుందో ముందే ఎలా తెలుస్తుంది? మన దగ్గర ఉన్నది ఒక చేతి రికార్డరు, రెండు కాలర్ మైకులు.

రేడియో పెట్టె (విజయనగరం):

42 ప్రశ్నలు రాయడం వృథా కాదండి, అది మీరు చదువుకున్న పాఠం. ఆ కాగితాన్ని గెస్ట్ ముందుకు తీసుకెళ్తేనే చెడుతుంది.

ముందు లెక్క చూడండి. పని తెలిసిన మనిషి ఒక సంగతి తీరిగ్గా చెబితే రెండు, రెండున్నర నిమిషాలు పడుతుంది. 25 నిమిషాల్లో మొదలు, ముగింపు, మధ్యలో మీరు కలిపే మాటలు, చప్పుళ్లు అన్నీ కలిపి ఆరు నిమిషాలు పోతాయి. మిగిలేది 19, అంటే ఎనిమిది జవాబులు. 42లోంచి ఎనిమిది ఏరాలంటే జల్లెడ కావాలి. వినేవాడు చివరిదాకా ఆగడానికి కారణమయ్యే ఒక్క ప్రశ్నే ఆ జల్లెడ. "పొందూరు ఖద్దరు చరిత్ర, ప్రాశస్త్యం" అన్నది ప్రశ్న కాదు, శీర్షిక. దాని కింద ఏదైనా పడుతుంది, అందుకే మీకు 42 వచ్చాయి. "ఒక పొందూరు పంచె వెనక ఎన్ని చేతులున్నాయి, వాటిలో ఏ చేతికి ఎంత ముడుతోంది?" అన్నారనుకోండి, అది ప్రశ్న. ఇప్పుడు మీ 42లో ఒక్కొక్కటీ దీని మీద పెట్టి చూడండి. దీనికి జవాబులో భాగం కానిది పక్కన పెట్టేయండి. అది మంచి సంగతే అయినా సరే, ఇంకో ఎపిసోడ్‌కి పనికొస్తుంది.

ఇక వరుస. గాంధీ గారితో మొదలుపెట్టకండి. ఆయన ఈ బట్టను మెచ్చుకోవడం, కొడుకు దేవదాస్ గాంధీని పొందూరు పంపించడం పెద్ద విషయమే. కానీ పొందూరు మీద వచ్చే ప్రతి వ్యాసం అక్కడే మొదలవుతుంది, వినేవాడికి తెలిసిన సంగతి చెబుతున్నట్టు ఉంటుంది. బట్ట ఎంత కష్టమో విన్నాక అదే మాట చెప్పండి, అప్పుడు ఆ మెప్పుకి బరువుంటుంది. కాలక్రమం పుస్తకానికి బాగుంటుంది. చెవికి మాత్రం చేతి పనితో మొదలుపెట్టాలి.

పొందూరులో అలాంటి పని ఒకటుంది, అది మీ అదృష్టం. గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకున్న సన్నటి పళ్లలోంచి పోగు తిన్నగా సాగి, నలకలు రాలిపోతాయి. తర్వాత చెక్క మీద చిన్న ఇనప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు. దూదిని ఏకులు (వడకడానికి వీలుగా చేసిన దూది చుట్టలు) చేసి, నలగకుండా అరటి దొప్పలో చుట్టి పెడతారు. అప్పుడు ఒంటి కదురు (నూలు చుట్టుకునే పుల్ల) ఉన్న రాట్నం మీద నూలు. వీడియోలో ఇది పది సెకన్లలో కనబడిపోతుంది. మీ దగ్గర బొమ్మ లేదు, కాబట్టి గెస్ట్ నోటితో బొమ్మ గీయించాలి. అందుకని ఔట్‌లైన్‌లో ఎక్కువ నిమిషాలు ఇక్కడే పెట్టండి, మిగతావి తొందరగా దాటించండి.

నేనైతే కాగితం ఇలా వేస్తాను:

0:00 – 0:40: రాట్నం చప్పుడు, దాని మీద పెద్దావిడ మాట ఒక్కటి. మీ గొంతు వద్దు.
0:40 – 2:00: మీరు. ఎక్కడున్నాం, ఎవరితో, ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నాం.
2:00 – 8:00: పత్తి నుంచి ఏకు దాకా.
8:00 – 13:00: రాట్నం, నూలు, కౌంట్ అంటే ఏమిటి.
13:00 – 14:30: గాంధీ గారి ప్రస్తావన, మీ మాటల్లో.
14:30 – 21:00: మగ్గం, ఆ తర్వాత డబ్బుల లెక్క.
21:00 – 24:00: ఈ పని నేర్చుకుంటున్నదెవరు.
24:00 – 25:00: ముగింపు.

ఎడమ పక్క నిమిషాలు, మధ్యలో సంగతి. కుడి పక్క ఒక గడి ఖాళీగా వదలండి. రికార్డింగ్ అప్పుడు మంచి మాట పడితే రికార్డరు మీద కనబడే నిమిషాల అంకె అక్కడ రాసుకోవాలి. ఎడిటింగులో గంట రికార్డింగు మొత్తం మళ్లీ వినే బాధ సగం తగ్గుతుంది.

కౌంట్ గురించి ఒక మాట. పొందూరు నూలు వంద కౌంట్ ప్రాంతంలో ఉంటుందని మీరు గొప్పగా అంటారు, వినేవాడికి ఏమీ ఎక్కదు. అదే బరువు నూలు ఎంత పొడవు సాగితే కౌంట్ అంత ఎక్కువ అని ముందు చెప్పి, ఆ తర్వాత అంకె చెప్పండి. ఏ అంకె ముందైనా అదేమిటో తెలిపే వాక్యం ఒకటి ఉండాలని కాగితం మీదే గుర్తు పెట్టుకోండి.

ప్రశ్నల తీరు మార్చాలి. "పొందూరు ఖద్దరు ప్రత్యేకత ఏమిటమ్మా?" అంటే ఆవిడ మర్యాద కోసం నాలుగు పెద్ద మాటలు చెప్పి ఆగిపోతారు. "ఈ దవడ నా చేతిలో పెట్టండమ్మా, పళ్లు ఏ పక్కకి తిప్పి పట్టుకోవాలి?" అంటే చేత్తో చూపిస్తూ చెబుతారు. ఆవిడ చూపిస్తున్నది మీరు మాటల్లో పెట్టండి: ఎంత ఉంది, దేనంత ఉంది, ఎంత బరువుంది. "మీకు కష్టంగా ఉంటుందా?" బదులు "పొద్దున్న కూర్చుంటే మొదట ఎక్కడ నొప్పి మొదలవుతుంది?" అనండి. అవునో కాదో చెప్పేస్తే సరిపోయే ప్రశ్నలన్నీ ఇలా తిరగరాయండి. ఒక ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలపొద్దు, రెండోదానికే జవాబొస్తుంది.

ఎనిమిది ప్రశ్నల్నీ వాక్యాలుగా రాసుకోండి కానీ చూసి చదవకండి. అట్ట మీద రెండేసి మాటల్లో ఉంచండి: "దవడ – పళ్లు", "దొప్ప – ఎందుకు", "తెగితే?". మీరు చదువుతుంటే ఎదుటివాళ్లూ పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడతారు. రాసి చదవాల్సినవి రెండే, మొదటి నిమిషం, చివరి నిమిషం. అవి కూడా రికార్డింగ్ అయ్యాక, ఏం దొరికిందో చూసి రాయాలి.

25 నిమిషాల ఎపిసోడ్‌కి 50 నుంచి 60 నిమిషాల రికార్డింగ్ చాలు. మూడు గంటలు తీస్తే ఎక్కువ సరుకు దొరుకుతుందనుకోవద్దు. పెద్దావిడ అలిసిపోతారు, మీకు ఎడిటింగు వారం పడుతుంది.

హెడ్‌ఫోన్ తియ్యను (ఆమదాలవలస):

పైన చెప్పిన కాగితానికి ఇంకో గడి కలపండి, "చప్పుడు" అని. ఏ భాగంలో ఏ శబ్దం కావాలో ముందే రాసుకోకపోతే పొందూరు నుంచి వచ్చాక గుర్తొస్తుంది, మళ్లీ వెళ్లాలి.

రాట్నం తిరుగుతుండగా మాట్లాడించడం వినడానికి బాగుంటుందనిపిస్తుంది, ఎడిటింగులో అదే ఇబ్బంది. మాట మధ్యలో కోస్తే వెనక రాట్నం లయ తెగిపోయి అతుకు బయటపడుతుంది. అందుకని మూడు విడతలుగా తీయండి. మొదట రాట్నం ఆపి మాటలు. తర్వాత మాట లేకుండా ఒక్క రాట్నమే మూడు నిమిషాలు, కదురుకి జానెడు దూరంలో కొంత, గది గుమ్మం దగ్గర నుంచి కొంత. చివర రాట్నం తిప్పుతూ ఒకే ఒక్క సంగతి చెప్పించండి, దాన్ని కోయకుండా వాడండి. మగ్గానికీ ఇదే పద్ధతి. నాడె (మగ్గంలో అడ్డ దారాన్ని మోసే ముక్క) అటూ ఇటూ కొట్టే చప్పుడు గట్టిగా ఉంటుంది కాబట్టి లెవెల్ వేరేగా పెట్టుకోవాలి.

కాలర్ మైకు చీర పైట అంచుకి పెడితే బట్ట రాసుకుంటుంది. జాకెట్టు మెడ దగ్గర, పైట తగలని చోట పెట్టమని ఆవిడనే, లేదా ఇంట్లో ఆడవాళ్లను అడగండి. గాజులు చాలా పెద్ద సమస్య. తీయమని అడగొద్దు, చాలామందికి అది నచ్చదు. చేతులు కదిలే భాగానికి కాలర్ మైకు వదిలేసి, రికార్డరు నోటికి బెత్తెడు దూరంలో పట్టుకుంటే గాజుల చప్పుడు వెనక్కి పోతుంది.

రికార్డరులో పెట్టుకోవాల్సింది 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. స్టీరియోలో గంటకి ఒక జీబీ పైచిలుకు అవుతుంది, కార్డులో నాలుగు జీబీ ఖాళీ ఉంచుకుంటే బెంగ లేదు. గట్టిగా నవ్వినా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టండి. ఫ్యాను ఆపాలి, ఆపాక ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం గది నిశ్శబ్దం తీయాలి. అతుకుల మధ్య నింపడానికి అదే సున్నం. వెళ్లే ముందు ఊళ్లో గుడి మైకు, పెళ్లి బాజా, పండగ ఏమైనా ఉందేమో ఫోన్ చేసి కనుక్కోండి. చివరి ఫైలు స్టీరియో అయితే మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (మొత్తం ఎంత గట్టిగా వినబడుతుందో చెప్పే కొలత), మోనో అయితే మైనస్ 19, పీక్ మైనస్ 1 డెసిబెల్ దాటకుండా.

చీపురుపల్లి లైను (గరివిడి):

భాష సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. గెస్ట్ "ఏటి బాబూ, సెప్తాను ఇను" అంటే అది అలాగే ఉండాలి. మీరు దాన్ని "అంటే ఆవిడ చెప్పేదేమిటంటే" అని పుస్తకాల భాషలో మళ్లీ చెప్పొద్దు. ఆవిడ మాట తెలుగే, దానికి తెలుగులోకి అనువాదం అక్కర్లేదు. తెలియని మాట వస్తే వెంటనే ఒక్క ప్రశ్న వేయండి: "ఏకు అంటే ఎంతుంటుందమ్మా?" వివరణ ఆవిడ నోటే వస్తుంది, అనంతపురంలో వినేవాళ్లకీ అర్థమవుతుంది. పనివాళ్ల మాటలు (ఏకు, కదురు, కండె, పడుగు, పేక, అచ్చు, నాడె) ఒక చీటీ మీద రాసుకుని, ఏది ఏ నిమిషంలో మొదటిసారి వస్తుందో ఔట్‌లైన్‌లో గుర్తు పెట్టండి. రెండు నిమిషాల్లో మూడు కొత్త మాటలకు మించితే వినేవాళ్లు తప్పిపోతారు. అక్కడ ఒకటి తర్వాతి భాగానికి జరపండి.

మీరు కూడా యాస పెట్టుకుని మాట్లాడాలా అంటే, ఇంట్లో మాట్లాడేదే మాట్లాడండి. లేనిది తెచ్చిపెట్టుకుంటే గెస్ట్‌కి వెక్కిరింపులా వినిపిస్తుంది. అమ్మా అనాలో, అప్పా అనాలో, పేరుతో గారు అనాలో ఆవిడనే అడగండి.

డబ్బుల లెక్క భాగం గురించి జాగ్రత్త చెప్పాలి. నూలుకి ఎంత ఇస్తున్నారో మైకులో చెబితే, ఆ నూలు కొనేవాళ్లతో వాళ్లకి మాట రావచ్చు. రికార్డరు నొక్కే ముందే "కూలి సంగతి అడుగుతాను, చెప్పడం ఇష్టమేనా, పేరు వేయొచ్చా?" అని అడిగి, ఆ ఒప్పుకోలు కూడా రికార్డులో ఉంచండి. వద్దంటే ఆ ఆరు నిమిషాల్లో డబ్బు బదులు కాలం అడగండి: ఒక చిలప (చుట్ట కట్టిన) నూలుకి ఎన్ని గంటలు, ఒక పంచెకి మగ్గం మీద ఎన్ని రోజులు. వినేవాళ్లు లెక్క వాళ్లే కట్టుకుంటారు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

చాలా ఉపయోగపడింది, అందరికీ కృతజ్ఞతలు. 42లోంచి తొమ్మిది మిగిలాయి, ఇంకొకటి తీసేస్తాం. రెండు అనుమానాలు. ముందు రోజు ఫోన్‌లో గెస్ట్‌తో మాట్లాడితే మంచిదా? బొబ్బిలి ఎపిసోడ్‌కి కూడా ఇదే కాగితం సరిపోతుందా?

రేడియో పెట్టె (విజయనగరం):

ఫోన్‌లో మాట్లాడాలి, కానీ పావుగంటే. ఏయే పనులు చేస్తారు, ఎప్పుడు తీరిక, ఇంట్లో ఎవరెవరుంటారు, అంతవరకే. అసలు ప్రశ్న ఫోన్‌లో అడిగేశారంటే మర్నాడు మైకు ముందు "నిన్న సెప్పేను గదేటి" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. మొదటిసారి చెప్పినప్పుడున్న ఊపు రెండోసారి రాదు. మంచి సంగతి తనంతట తాను బయటికొస్తుంటే "అది రేపు చెప్పండమ్మా" అని ఆపేయండి.

కోట బురుజు (బొబ్బిలి):

బొబ్బిలి ఎపిసోడ్‌కి ఆ కాగితం సరిపోదు. ఒక్కరే చెప్పేదానికి పాయింట్లు పెట్టుకుంటే "అయితే, మరి, అంటే" అని సాగుతూ పోతుంది. ఇది మాట మాటా రాయాలి, రాసింది నోటితో చెప్పి చూసి మళ్లీ రాయాలి. కంటికి బాగున్న వాక్యం ఊపిరికి అందదు. చదువుతుంటే మధ్యలో గాలి పీల్చాల్సి వచ్చిన చోటల్లా వాక్యాన్ని రెండు చేయండి.

నిమిషాల లెక్క: ఇంగ్లిషులో నిమిషానికి 130 నుంచి 150 మాటలని చెబుతారు, అది మనకి పనికిరాదు. "వెళ్లిపోయారనుకున్నారట" అన్నది మనకి ఒక్క మాట, వాళ్లకి నాలుగైదు. తెలుగు తాపీగా చెబితే నిమిషానికి వంద మాటల దగ్గర ఉంటుంది. మీ గొంతు లెక్క మీరే తీసుకోండి: 300 మాటల పేజీ గడియారం పెట్టుకుని చదవండి. మూడు నిమిషాలు పడితే 20 నిమిషాల కథకి 2000 మాటలు.

యుద్ధం 1757 జనవరి 24న. ఏడాది చెబితే వినేవాడికి కాలం అందదు. అదే ఏడు జూన్ 23న బెంగాల్లో ప్లాసీ యుద్ధం జరిగింది, అంటే ఇంగ్లిషువాళ్లు ఇంకా ఇక్కడ పెత్తనానికి రాలేదు, ఉత్తర సర్కారులు (ఈ కోస్తా జిల్లాలు) ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నాయి, వాళ్ల సేనాని బుస్సీ కప్పం వసూలుకి వచ్చాడు. ఈ నాలుగు ముక్కలు మొదటి రెండు నిమిషాల్లో పడకపోతే, ఫ్రెంచి సైన్యం బొబ్బిలి కోట ముందు ఎందుకుందో అర్థం కాదు.

పేర్లే పెద్ద చిక్కు. విజయరామరాజు అంటే ఏ విజయరామరాజు? 1757లో బొబ్బిలి మీదికి బుస్సీ పక్షాన వచ్చిన విజయనగరం రాజు పెద విజయరామరాజు. 1794 జూలై 10న పద్మనాభం యుద్ధంలో చనిపోయింది చిన విజయరామరాజు. బొబ్బిలి వైపు రంగారావు పేరు కూడా తరం తరంలో వస్తుంది. పుస్తకంలో అయితే వెనక్కి తిప్పి చూసుకుంటారు, చెవికి ఆ వీలు లేదు. అందుకని ఒక్కొక్కరికీ ఒకే పిలుపు ఖాయం చేసి ("విజయనగరం రాజు", "బొబ్బిలి రాజు") చివరిదాకా అదే వాడండి. విసుగ్గా ఉందని మధ్యలో మార్చొద్దు. ఐదుగురు మనుషులకు మించి పేరు పెట్టి పిలవకండి.

స్క్రిప్టు రెండు రంగుల్లో రాయండి. కాగితాల్లో రాసి ఉన్నది ఒక రంగు, జముకుల కథల్లో, బుర్రకథల్లో చెప్పుకునేది ఇంకో రంగు. కోట పడడం, యుద్ధం జరిగిన మూడో రాత్రి బొబ్బిలి పక్షపు తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజును గుడారంలో చంపడం చరిత్రలో ఉన్నవే. గుడారంలో ఎవరు ఎవరితో ఏ మాటన్నారన్నది కథ చెప్పేవాళ్ల సొత్తు. రెండో రంగు వచ్చిన ప్రతిచోటా "అని పాడతారు", "అని చెప్పుకుంటారు" అని వినబడాలి. కథని తీసేయమనడం లేదు, దానికీ చోటివ్వండి. కానీ ఇక్కడ బొబ్బిలివాళ్లూ వింటారు, విజయనగరంవాళ్లూ వింటారు, రెండు వైపులా ఆ పేర్లని ఇంటి పెద్దల్లా చూసుకునేవాళ్లున్నారు. ఏది ఎక్కణ్ణుంచి తెచ్చారో చెబితే ఎవరికీ నొప్పి ఉండదు.

కోట పడిన పూట స్త్రీల, పిల్లల చావుల ఘట్టం వస్తుంది. అక్కడ సంగీతం పెట్టకండి. రాసిన దాంట్లో విశేషణాలన్నీ కొట్టేసి, జరిగింది జరిగినట్టు చిన్న వాక్యాల్లో చెప్పండి, నిమిషానికి వంద కాకుండా ఎనభై మాటల వేగంలో. ఆ పేరా తర్వాత నాలుగు సెకన్లు ఖాళీ వదలమని స్క్రిప్టులోనే రాసుకోండి, లేకపోతే ఎడిటింగులో నిశ్శబ్దాన్ని పొరపాటనుకుని కోసేస్తారు.

హెడ్‌ఫోన్ తియ్యను (ఆమదాలవలస):

ఒకటి మర్చిపోయాను. పొందూరులో ఆఖరి ప్రశ్న అయ్యాక "నేను అడగాల్సింది ఇంకేమైనా ఉందా అమ్మా?" అని అడగండి. దండం పెట్టి లేచాక కూడా రికార్డరు ఐదు నిమిషాలు ఆపకండి, ఆపలేదని ఆవిడకి చెప్పండి. ఏకులు అరటి దొప్పలో చుట్టి లోపల పెడుతూ అనే మాట ఏదో ఉంటుంది. మీ మొదటి 40 సెకన్లకి అది చాలాసార్లు సరిపోతుంది.